మేనత్త దాచమన్న ఓవెన్

ఆ ఓవెన్‌ను నేను ‘మీరు’ అనేదాన్ని. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మనుషుల ముందు రెండు మాటలు మాట్లాడాలంటే అరచేతుల్లో చెమటలు పట్టే నేను, వంటింట్లో ఎవరూ లేని సమయం చూసుకుని దాని అద్దం తలుపు ముందు పీట వేసుకుని కూర్చునేదాన్ని. “వేడెక్కారా? ఇంకాసేపు పడుతుందా?” అని మెల్లగా అడిగేదాన్ని. అది మా అత్తమ్మ ఓవెన్. అత్తమ్మ వస్తువును ‘నువ్వు’ అనడానికి నాకు నోరు రాలేదు. అత్తమ్మ ఇంటి పిల్లి ఎదురొస్తే కూడా మేము కొంచెం పక్కకు జరిగే నిలబడేవాళ్లం.

అత్తమ్మ అంటే నాయినకు అక్క. మచ్చ బొల్లారంలో ఒక కాలనీలో ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మామయ్య ఆమెకు కరెంటు ఓవెన్ కొనిచ్చాడు. చుట్టాలందరిలో అదే మొదటిది. దాన్ని ఆమె బీరువా పక్కన, ఇస్త్రీ చేసిన బట్ట కప్పి ఉంచేది. ఆ ఎండాకాలం వాళ్లు కాశీయాత్రకు బయలుదేరారు. ఇల్లు వారం పైనే తాళం వేసి ఉంటుంది. బంగారం బ్యాంకు లాకరులో పెట్టింది. ఓవెన్ లాకరులో పట్టదు. అందుకని దాన్ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని లాల్‌గడి మలక్‌పేట్‌లోని మా ఇంటికి తెచ్చి, వచ్చేదాకా దాచమని అమ్మకు అప్పగించింది.

అప్పగించేటప్పుడు దాన్ని నాలుగు వైపులా తిప్పి చూపించింది. ఎక్కడా సొట్ట లేదు, గీత లేదు, అద్దం మీద మరక లేదు. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు కూడా అన్ని జాగ్రత్తలు చెప్పరు. నేను తలుపు చాటునుంచి ఓవెన్ వైపు చూస్తున్న చూపు ఆమె కంట్లో పడ్డట్టుంది. పిల్ల వాడుకుంటే వాడుకోనీ అని ఒక మాట వదిలింది. ఆ తరువాత అమ్మ వైపు తిరిగి, “నువ్వు మాత్రం ముట్టకే” అంది.

ఆ మాటకు వెనకాల కథ ఉంది. అమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన ఏడాది అత్తమ్మ పింగాణి జాడీ కడుగుతుండగా చేజారి పగిలింది. ఇక అప్పటినుంచి చుట్టాల్లో ఎవరి ఇంట్లో ఏ గిన్నె పగిలినా, అమ్మ అక్కడ లేకపోయినా సరే, అత్తమ్మకు ఆ జాడీయే గుర్తుకొచ్చేది. పెళ్లిలో వడ్డనకు గాజుగ్లాసులు తీస్తుంటే అమ్మను మాత్రం స్టీలు గ్లాసుల దగ్గరికి పంపించేది. అమ్మ నవ్వి ఊరుకునేది. కానీ ఓవెన్ వచ్చిన రోజు అమ్మ నాతో చెప్పింది, దీన్ని ఎట్లా తెచ్చిందో అట్లా తిరిగి ఇస్తే జాడీ ముచ్చట అక్కడితో ఆగిపోతుందని.

మొదటిరోజు దాన్ని వంటింటి ప్లగ్గులో పెట్టగానే ఇంట్లో లైట్లన్నీ ఎర్రబడి, నిద్ర ముంచుకొచ్చిన పిల్లల కళ్లలా వాలిపోయాయి. మరుక్షణం ఫ్యూజు కొట్టేసింది. మా ఇల్లు ఊరి చివర, మా అంగూర్ తోటను, అంటే ద్రాక్షతోటను, ఆనుకుని ఉండేది. ఇంటి లైనులో బలం లేదని నాయిన తేల్చాడు. తోటలో బోరు మోటారు డబ్బా దగ్గర మాత్రం బలమైన లైను ఉంది. అక్కడినుంచి ఒక మందపాటి వైరు లాగి, బట్టలుతికే బండ మీదుగా, కిటికీలోంచి వంటింట్లోకి తెచ్చి, చెక్క మీద కొత్త ప్లగ్గు బిగించాడు. ఓవెన్ ఎర్రలైటు ధగధగా వెలిగింది. ఇంటి లైట్లు కన్ను కూడా ఆర్పలేదు. నాయిన ఆ సాయంత్రం దారిన పోయేవాళ్లను కూడా పిలిచి ఆ వైరు చూపించాడు.

ఆ వారమంతా నాకు పండగ. వారపత్రికలో వచ్చిన వంటల పేజీ చూసి మొదటి కేకు చేస్తే అడుగు మాడి పై భాగం పచ్చిగా ఉండింది. రెండోది మధ్యలో కుంగి పళ్లెంలా తయారైంది. మూడోది మాత్రం ఉబ్బింది. నాయిన తల్లి, మా అవ్వ, దానికి తియ్యరొట్టె అని పేరు పెట్టి, చాయలో ముంచుకుని తింది. ఓవెన్‌తో పాటు ప్లాస్టిక్ సంచిలో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నేను నవల చదివినట్టు మొదటినుంచి చివరిదాకా చదివాను. అందులో హీరో ఓవెనే. చివరి పేజీలో దానికి వచ్చే కష్టాలు, వాటిలోంచి బయటపడే దారులు రాసి ఉన్నాయి.

అత్తమ్మ తిరిగి వస్తానన్న రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం దాటాక వచ్చి ఓవెన్ తీసుకుపోతానని పక్కింటివాళ్ల ఫోనుకు కబురు చేసింది. ఆమెకు స్వాగతంగా కేకు చేయాలని నేను గుడ్లు గిలక్కొట్టి, మైదా, చక్కెర కలిపి, వెనిల్లా చుక్కలు వేసి పిండి సిద్ధం చేశాను. ప్లగ్గు పెట్టి మీట నొక్కాను. ఎర్రలైటు వెలగలేదు. బిరడాలు తిప్పాను. టిక్కుటిక్కుమంది కానీ, కాయిలు నల్లగానే ఉంది. “ఏమైంది మీకు?” అని అడిగాను.

అమ్మ ముఖం మైదాపిండి రంగుకు వచ్చింది. క్రితం సాయంత్రం తిరిగి ఇచ్చేముందు శుభ్రంగా ఉండాలని తడిబట్టతో దాన్ని లోపలా బయటా తుడిచింది. ఆ తడే లోపలికి పోయి ఖరాబైందని ఆమెకు అనిపించింది. “ముట్టకే అన్నది, ముట్టిన” అని గోడకు ఆనుకుని కూర్చుంది.

నాయిన వచ్చి తల పైకెత్తి ఫ్యాను చూశాడు. ఫ్యాను తిరుగుతోంది. అంటే కరెంటు ఉంది. కరెంటు ఉంది కాబట్టి రోగం ఓవెన్‌దే. మా ఇంట్లో ఇంతకంటే పెద్ద పరీక్ష ఎవరికీ తెలియదు. రేడియో మోగకపోయినా, బల్బు వెలగకపోయినా, ముందు అందరూ తలలెత్తి ఫ్యాను వైపు చూస్తారు. ఆ రోజు మేమంతా చాలాసేపు అట్లాగే చూశాం.

అవ్వ మాత్రం చూడలేదు. ఆమె దృష్టిలో ఇది ముమ్మాటికీ దిష్టి. వారం రోజులుగా వాడకట్టు ఆడవాళ్లందరూ వచ్చి అద్దంలోంచి కేకు ఉబ్బడం చూసి పోయారు, అన్ని కళ్లు పడితే మనిషే పడిపోతాడు, డబ్బా ఎంత అని ఆమె వాదం. గుప్పెడు ఉప్పు, ఎండు మిరపకాయలు తెచ్చి ఓవెన్ చుట్టూ తిప్పింది. వాటిని పొయ్యిలో వేస్తే ఘాటుకు అందరం దగ్గాం. ఓవెన్ ఒక్కటే దగ్గలేదు. దిష్టి ఎంత గట్టిదో చూడమని చెప్పి అవ్వ వెళ్లి నులకమంచం మీద నడుం వాల్చింది.

అప్పుడు చిన్నాయనను పిలిచారు. ఆయన నాయినకు తమ్ముడు, ఇదే ఊరిలో ఉండేవాడు. ఐటీఐలో చేరి సగంలో మానేశాడు. ఆ సగం చదువుకు గుర్తుగా చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఎప్పుడూ టెస్టర్ ఉండేది. ఆయన వచ్చి ముందు టెస్టర్ తీసి చెక్క మీది ప్లగ్గులో పెట్టాడు. అందులో చిన్న లైటు వెలగాలి. వెలగలేదు.

“టెస్టర్ల బల్బు పోయింది” అన్నాడు. దాన్ని రెండుసార్లు ఊపి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

నాకు ఇంగ్లీషు పుస్తకం చివరి పేజీ కళ్ల ముందు మెదిలింది. కష్టాల వరసలో మొట్టమొదటిది అదే. ఓవెన్ పని చేయకపోతే, ఆ ప్లగ్గులో పని చేస్తున్న ఇంకో వస్తువు పెట్టి చూడండి అని ఉంది. ఈ మాట చెప్పాలి. చెప్పడానికి ఎంత ఉంది? నేను గొంతు సవరించుకుని “చిన్నాయనా” అన్నాను. ఆయన తిరిగి చూడకుండా చెయ్యి చాపాడు. స్క్రూడ్రైవర్ కావాలని అర్థమై ఇచ్చాను. కాసేపటికి మళ్లీ “చిన్నాయనా” అన్నాను. మళ్లీ చెయ్యి చాపాడు. పట్టకారు ఇచ్చాను. ఇట్లా నేను చెప్పాలనుకున్న ప్రతిసారి ఒక పనిముట్టు ఇస్తూ పోయాను. చివరికి ఓవెన్ వెనక రేకు ఊడింది, బిరడాలు ఊడాయి, పక్క రేకులు ఊడాయి. నా మాట మాత్రం గొంతులోనే ఉంది.

సాధారణంగా ఇట్లాంటప్పుడు నాకు అవ్వ ఉండేది. చిన్నప్పటినుంచి నేను చెప్పాలనుకున్నది అవ్వ చెవిలో చెబితే, ఆమె దాన్ని వాడకట్టు మొత్తానికి వినిపించేది. వినిపించకూడనివి కూడా వినిపించేది, అది వేరే సంగతి. ఆ రోజు దిష్టి తీసిన అలసటతో ఆమె గురక పెడుతోంది. లేపితే లేవలేదు.

ఓవెన్ లోపల చిన్నాయనకు కాలిన చక్కెర పెచ్చు ఒకటి దొరికింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని నాయినకు చూపిస్తూ, డాక్టరు కడుపులోంచి తీసిన రాయి గురించి చెప్పినట్టు చాలా వివరంగా చెప్పాడు. ఇద్దరూ చాయ తాగడానికి వాకిట్లోకి వెళ్లారు. అమ్మ నా కేకు పిండి వైపు చూసింది. ఉబ్బాల్సిన పిండి నీరసించిపోతోంది. పారబోయడం ఆమె వల్ల కాదు. పొంగనాల పెనం పొయ్యి మీద పెట్టి, గుంతల్లో నూనె వేసి, నా వెనిల్లా పిండిని చెంచాతో పోయడం మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకుంటూ పోసింది.

నేను రేడియో తెచ్చి చెక్క మీది ప్లగ్గులో పెట్టాను. గుయ్యి అని కూడా అనలేదు. దాన్నే ఇంటి ప్లగ్గులో పెడితే వెంటనే ఎవరో ఒకాయన వరిలో తెగుళ్ల గురించి చెప్పసాగాడు. ఓవెన్‌కు ఏమీ కాలేదు. వైరు పట్టుకుని కిటికీలోంచి బయటికి, బండ మీదుగా, అంగూర్ పందిరి కిందికి నడిచాను. వైరు ఎక్కడా తెగలేదు. మోటారు డబ్బా దగ్గర ఆగింది. నేనూ ఆగాను. తోటలో చప్పుడే లేదు. మోటారు ఆడడం లేదు, కాలువ ఎండి ఉంది.

అప్పుడు వెలిగింది నాకు. పొలాల మోటార్లకు ఇచ్చే త్రీఫేజు కరెంటు రోజంతా ఉండదు. ఒక వారం పగలు ఇస్తారు, ఒక వారం రాత్రి. ఇంటి ఫ్యానుకు, లైట్లకు దానితో పని లేదు, అవి వేరే లైను మీద తిరుగుతూనే ఉంటాయి. క్రితం వారం పగటి కరెంటు. నిన్నటినుంచి రాత్రి కరెంటు మొదలైంది. పొద్దుగూకేవేళకు గానీ రాదు. ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన విషయం ఇది. నాయిన పొద్దున్నే చెప్పాడు కూడా, ఈ వారం రాత్రి తడి పెట్టాలి కాబట్టి పగలు కొంచెం పడుకోవాలని. కానీ ఓవెన్ కూడా మోటారు డబ్బాకు కట్టిన ఇంకో మోటారేనని మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. అది వంటింటి సామాను కదా. వంటింటి సామాను కోసం అందరూ ఫ్యానును చూస్తారు.

పందిరి కింద ఒంటరిగా నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాను. చెప్పడానికి ఇంట్లోకి పరుగెత్తేలోపు వాకిట్లో ఆటో ఆగింది.

అత్తమ్మ వచ్చిందని తెలిసి చిన్నాయన ఏ వేగంతో ఓవెన్‌ను మళ్లీ బిగించాడో ఆయనకే తెలియాలి. నేను లోపలికి వచ్చేసరికి ఓవెన్ నిండు ముత్తయిదువలా కూర్చుని ఉంది. దాని పక్కన రెండు స్క్రూలు మిగిలి ఉన్నాయి. చిన్నాయన వెనక తలుపులోంచి తోటలోకి జారుకోవడం చూశాను. నాయిన ఆ స్క్రూల మీద చాయగ్లాసు పెట్టాడు.

అత్తమ్మ కూర్చుని, కాశీ ముచ్చట్లు చెబుతూ అమ్మ పెట్టిన పొంగనాలు తింది. ఒకటి తిని వాసన చూసింది. పొంగనానికి అత్తరు పూశారా అని అడిగి, ఇంకో నాలుగు పెట్టించుకుంది. తిన్నాక చేతులు కడుక్కుని, ఓవెన్ ముందు నిలబడింది. నాలుగు వైపులా తిప్పి చూసింది. సొట్ట లేదు, గీత లేదు.

“ఇగ పెట్టి సూపియ్యి. ఎర్రబుగ్గ ఎలిగేది జూసుకొని కొంటవోత” అంది అత్తమ్మ.

అమ్మ కదల్లేదు. నాయిన ఇంకొక చాయ తాగమన్నాడు. అత్తమ్మ వద్దంది. అంగూర్ తోట చూసి రమ్మన్నాడు. పుట్టి పెరిగిన తోటను ఇప్పుడు కొత్తగా చూసేది ఏముందంది. అమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. ఇంకొక్క క్షణం ఆగితే తడిబట్ట సంగతి చెప్పేస్తుంది. ఆ తరువాత పింగాణి జాడీ పక్కన ఓవెన్ కూడా చేరుతుంది. నేను అవ్వ మంచం వైపు చూశాను. గురక ఆగలేదు.

“అత్తమ్మా, కరెంటు లేదు” అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. ఆ తరువాత, ఎప్పటిలాగే, ఫ్యాను వైపు చూశారు.

“మరి గీ ఫ్యాన్ దేంతోని తిరుగుతాంది? నా ఊపిరితోనా?” అని అత్తమ్మ అడిగింది.

ఇక తప్పలేదు. నాయిన లాగిన వైరు దగ్గర మొదలుపెట్టి, మోటారు డబ్బా, పగటి వారం, రాత్రి వారం, రేడియో, తెగుళ్ల ఆయన, ఆమె కోసం కలిపిన కేకు పిండి పొంగనాలైన సంగతి, అన్నీ చెప్పాను. నా జీవితంలో అంత పొడుగు మాట అంతకుముందు మాట్లాడలేదు. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనన్న భయంతో ఊపిరి కూడా తీసుకోలేదు. “పొద్దుగూకినంక మోటరొస్తది, గప్పుడు గిది గూడ వస్తది. అమ్మ ఏం జెయ్యలె” అని ముగించాను.

నాయిన నుదురు మీద ఠప్పుమని కొట్టుకున్నాడు. “నేనే గుంజిన వైరు” అన్నాడు. అమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అత్తమ్మ మాట నమ్మే మనిషి కాదు. నాతో ప్లగ్గు పెట్టించి, మీట నొక్కించి, పీట వేసుకుని ఓవెన్ ముందే కూర్చుంది. వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. పెళ్లికూతురి చుట్టూ కూర్చున్నట్టు అందరం దాని చుట్టూ కూర్చుని పొంగనాలు తిన్నాం. అవ్వ లేచి, విషయం తెలుసుకుని, తాను దిష్టి తీసినందువల్లే నాకు ఈ తెలివి వచ్చిందని అందరికీ చెప్పింది.

వెలుగు తగ్గుతుండగా తోటలో మోటారు ఒక్కసారి గుర్రుమంది. కాలువలో నీళ్ల చప్పుడు వినబడింది. ఓవెన్ మీద ఎర్రలైటు వెలిగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను బిరడాలు తిప్పగానే కాయిలు మెల్లగా ఎర్రబడింది. అమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది.

అత్తమ్మ మాత్రం ముందుకు వంగి చెవి పెట్టి వింది. టిక్కుటిక్కు శబ్దం నిమిషాల బిరడా నుంచి రావాలి, వేడి బిరడా నుంచి వస్తోంది. కేకు కాలే సమయం పెట్టాల్సిన చోట వేడి అంకెలు ఉన్నాయి, వేడి పెట్టాల్సిన చోట నిమిషాలు ఉన్నాయి. ఆమె తల మెల్లగా అమ్మ వైపు తిరిగింది.

ఒకసారి తెరుచుకున్న నోరు ఆ రోజు మూతపడేలా లేదు. “చిన్నాయన ఇప్పిండు, చిన్నాయనే పెట్టిండు” అన్నాను.

ఆ తరువాత అత్తమ్మ తన తమ్ముడిని పిలిచిన పిలుపు షామీర్‌పేట చెరువు దాకా వినబడి ఉంటుంది. అంగూర్ పందిరి కింద దాక్కున్న చిన్నాయన, అప్పుడే నిండిన కాలువలో కాలేసి, మోకాళ్ల దాకా బురదతో బయటికి వచ్చాడు. ఆమె ఆయనను తిట్టిన తిట్లన్నీ రాయను. చాయగ్లాసు ఎత్తి చూశాక సగం చదువు, సగం బుద్ధి, సగం స్క్రూలు అన్నవి మాత్రం గుర్తున్నాయి. తిడుతూనే రెండు బిరడాలు పట్టి లాగి, చెవి కమ్మలు మార్చుకున్నంత సులువుగా వాటి చోట్లు మార్చేసింది. అద్దం మీద వేలు రాసి చూసి, తన ఇంట్లో కూడా ఇది ఇంత సాపుగా ఎప్పుడూ లేకుండెనని అమ్మతో అంది. అమ్మ ఆ మాటను తరువాత చాలా ఏళ్లు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పింది.

ఓవెన్‌కు బట్ట కప్పి, నాయిన స్కూటర్ మీద ఎక్కించారు. ముందు నాయిన, వెనక అత్తమ్మ, ఇద్దరి మధ్య ఇరుక్కుని ఓవెన్. తనకోసం చేయాల్సిన కేకు పొంగనాలైపోయిందని ఆమెకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది. స్కూటర్ కదలబోతుంటే నాయిన భుజం మీద తట్టి ఆపించి, వేలితో నన్ను దగ్గరికి పిలిచింది.

“వచ్చే వారం పగటి కరెంటే గద? గిది మళ్ల తెస్త, నాకు కేకు జెయ్యి. గానీ నేనొచ్చే దాకా మీ చిన్నాయనను ఏడికన్న పంపియ్యి బిడ్డా.”